ఒంటిని అడిగి తెలుసుకోవాలి

(పావగడలో ఇచ్చిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా ఏర్పాటైందో ఆయన పేరు అచ్చులో వేయవద్దని ఇంటివాళ్లు అడిగారు. బతికున్నప్పుడు ఆయన కోరికా అదే. ఊళ్లో అందరూ ఆయన్ని సైన్సు అయ్యవారు అనేవాళ్లు. నేనూ అలాగే అంటాను. ఈ సభలో యాభై దాటినవాళ్లకు ఆ మాట చాలు.

మాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. అయ్యవారు పాఠం కన్నడలో మొదలుపెట్టి, మా ముఖాలు చూసి, తెలుగులోకి దిగేవారు. ఒక ఏడాది వేసవి సెలవుల ముందు మమ్మల్ని ఖాళీ సీసాలిచ్చి ఊరిమీదికి పంపారు. ఊరి చేదబావి నీళ్లు ఒక సీసా, పొలంలో కపిల బావి నీళ్లు ఒక సీసా, పశువుల కొట్టం పక్కన పేడదిబ్బను ఆనుకుని ఉన్న బావి నీళ్లు ఒక సీసా. మూడింటినీ వేరువేరు గిన్నెల్లో పోసి పదో వంతు మిగిలేదాకా ఇగరబెట్టించారు. పరీక్షనాళికలో ఆ నీళ్లు కాసిని, అప్పుడే కలిపిన అన్నభేది ద్రావణం కాసింత. ఆ తర్వాత మమ్మల్ని దూరంగా నిలబెట్టి, నాళిక గోడ వెంబడి గాఢ గంధకామ్లాన్ని తనే చుక్క చుక్కగా జారవిడిచారు. రెండు పొరలు కలిసిన చోట, దిబ్బ పక్క బావి నీళ్లలో, గోధుమరంగు ఉంగరం కట్టింది. కన్నడ పుస్తకంలో దాని పేరు కందు ఉంగుర. మిగతా రెండు నాళికల్లో ఏమీ కనపడలేదు.

“దిబ్బ మీద వేసింది దిబ్బ మీదే ఉండదురా. వానతో కిందికి దిగుతుంది. దిగినది చేదతో పైకి వస్తుంది,” అన్నారు అయ్యవారు. అంతే చెప్పారు. పైకి వచ్చింది ఒంట్లోకి పోయి ఏమవుతుందో ఆ రోజు ఆయన చెప్పలేదు. ఆ పాఠంలో మిగిలిన సగం ఇవాళ చెప్పాలని వచ్చాను.

చాలా ఏళ్ల తర్వాత, రసాయన విశ్లేషణ నా వృత్తి అయ్యాక, ఆ ఉంగరం ఏమిటో తెలిసింది. నీళ్లలోని నైట్రేట్ విరిగి ఒక నైట్రోజన్, ఒక ఆక్సిజన్ జంటగా మిగులుతాయి. ఆ జంట అన్నభేదిలోని ఇనుముకు అతుక్కుంటే గోధుమ రంగు వస్తుంది. నైట్రోజన్, ఆక్సిజన్‌ల ఇటువంటి జంటే మనం తినే తిండిలోని అమీన్‌కు అతుక్కుంటే వచ్చేది నైట్రోసమీన్. అమీన్లు మాంసకృత్తుల నుంచి వస్తాయి, చేపలో ఉంటాయి, వక్కలో ఉంటాయి, పొగాకులో ఉంటాయి, కొన్ని మందుల్లోనూ ఉంటాయి. నైట్రోసమీన్లనూ, నైట్రోసమైడ్లు అనే వాటి దగ్గరి చుట్టాలనూ కలిపి నైట్రోసో సమ్మేళనాలు అంటారు. తిండిలో, ఒంట్లో ఉండే కొద్దిపాటి మోతాదులో వీటి రంగూ తెలియదు, రుచీ తెలియదు. ఉంగరం కట్టి కళ్లకు కనబడవు.

వీటి చెడ్డతనం లోకానికి తెలిసింది ఫ్యాక్టరీల వల్ల. ఇంగ్లండులో డైమిథైల్ నైట్రోసమీన్ అనే ద్రావకంతో పనిచేసినవాళ్లకు కాలేయం దెబ్బతింటే, బార్న్స్, మగీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ సంగతి పరిశోధించి 1954లో ప్రచురించారు. 1956లో అదే పదార్థం ఎలుకల కాలేయంలో క్యాన్సర్ పుట్టిస్తుందని చూపారు. ఆ తర్వాత నార్వేలో గొర్రెలు చచ్చిపోయాయి. చెడిపోకుండా నైట్రైట్ వేసి నిల్వ చేసిన హెర్రింగ్ చేపల పొడిని వాటికి దాణాగా పెట్టారు. నైట్రైట్, చేపలోని అమీన్ కలిసి దాణాలోనే విషం తయారైంది. ఇదంతా బయటినుంచి వచ్చి మీద పడే ఆపద. 1960ల చివర్లో జర్మనీలో సాండర్ అనే పరిశోధకుడు అడిగిన ప్రశ్న వేరు. నైట్రైట్‌నీ అమీన్‌నీ విడివిడిగా మింగితే కడుపులో ఏం జరుగుతుంది? ఎలుకలకు ఆ రెండూ పెట్టాడు. గడ్డలు లేచాయి. అంటే మింగేముందు విషం లేకపోయినా కడుపే పొయ్యి అయి దాన్ని వండగలదు.

ఈ వంట మన ఒంట్లో ఎలా సాగుతుందో కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే మిగతా విషయమంతా దీనిమీదే నిలబడి ఉంది.

మనం తాగిన నైట్రేట్ నేరుగా చేసే చెడు పెద్దగా లేదు. అది పేగుల్లోంచి నెత్తుటిలోకి పోతుంది. నెత్తుటిలోంచి మన ఉమ్మి గ్రంథులు దాన్ని పట్టి లాగి, తాగినదాంట్లో దాదాపు నాలుగో వంతును మళ్లీ నోట్లోకి వదులుతాయి. నాలుక వెనకభాగంలో గుంపులుగా బతికే సూక్ష్మజీవులు ఆ నైట్రేట్ నుంచి ఒక ఆక్సిజన్‌ను లాక్కుని నైట్రైట్‌గా మారుస్తాయి. లెక్కవేస్తే, తాగిన నైట్రేట్‌లో నూటికి సుమారు ఐదు పాళ్లు నోట్లోనే నైట్రైట్ అవుతుంది. ఉమ్మి మింగుతాం. కడుపులోని ఆమ్లం తగలగానే నైట్రైట్ కాస్తా నైట్రస్ ఆమ్లం అవుతుంది. అక్కడ అమీన్ ఎదురైతే జంట అతుక్కుంటుంది. పొగ తాగేవాళ్ల ఉమ్మిలో థయోసయనేట్ ఎక్కువ ఉంటుంది. అది ఈ అతుకును త్వరపెడుతుంది. కడుపులో ఆమ్లం తగ్గినవాళ్లలోనైతే అక్కడ కూడా సూక్ష్మజీవులు కాపురం పెట్టి ఈ పనిని తామే చేస్తాయి.

ఇందులో ఒక లెక్క ఉంది. నైట్రైట్ రెట్టింపైతే సాధారణ అమీన్లతో ఈ చర్య వేగం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. వేగం నైట్రైట్ వర్గాన్ని పట్టి నడుస్తుంది. భయపెట్టడానికి చెబుతున్నానని అనుకోవద్దు. దీని రెండో వైపు చూడండి. నైట్రైట్‌ను సగానికి తగ్గిస్తే చర్య నాలుగో వంతుకు పడిపోతుంది. మూడో వంతుకు తగ్గిస్తే తొమ్మిదో వంతుకు. మన తాలూకాలాంటి చోట కొంచెం శ్రద్ధకు ఇంత ఫలితం ఉంటుందని రసాయనశాస్త్రమే హామీ ఇస్తోంది. నా వృత్తిజీవితంలో నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చిన సమీకరణం ఇదే.

ఇక మన నీళ్ల సంగతి. పావగడ అంటే ఫ్లోరైడ్ అని రాష్ట్రమంతటికీ తెలుసు. మూడువైపులా ఆంధ్ర, అడుగున గట్టి రాయి, ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్ల వాన, ఏటేటా లోతుకు దిగే బోర్లు. పళ్లమీద పసుపు చారలు, వంగిపోయిన మోకాళ్లు మనం చూసి పెరిగినవే. అందుకే నీటి పరీక్ష కాగితం చేతికొస్తే మన కళ్లు ఫ్లోరైడ్ వరుస దగ్గర ఆగిపోతాయి. ఆ కాగితంలోనే నైట్రేట్ అని ఇంకో వరుస ఉంటుంది. దాన్ని చదివినవాళ్లను నేను తక్కువగా చూశాను. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం దేశంలో సుమారు ఐదో వంతు నమూనాల్లో నైట్రేట్ పరిమితి దాటింది. పరిమితి దాటిన నమూనాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో రాజస్థాన్ సరసన మన కర్ణాటక పేరుంది.

పరిమితి ఎంత? భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థది 50. ఫ్లోరైడ్‌కైతే 1 మిల్లీగ్రాము అని చెప్పి, వేరే దారి లేకపోతే 1.5 దాకా సడలింపు ఇచ్చారు. నైట్రేట్‌కు ఆ సడలింపు కూడా లేదు. ఇటువంటి ప్రమాణాలు రాసేటప్పుడు పెద్దమనిషి రోజుకు రెండు లీటర్లు తాగుతాడని లెక్క వేసుకోవడం మామూలు. ఏప్రిల్ నెలలో శెనక్కాయ చేనులోనో మట్టిపనిలోనో ఉన్న మన కూలి మనిషి రెండు లీటర్లతో సరిపెట్టుకుంటాడా? లీటరుకు 75 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్న బోరు నీళ్లు రోజుకు నాలుగు లీటర్లు తాగితే 300 మిల్లీగ్రాములు. ఈ 300 అంకెను దయచేసి గుర్తుపెట్టుకోండి. ఇంకాసేపట్లో దాంతో పని పడుతుంది.

ఈ నైట్రేట్ ఎక్కడినుంచి వస్తుంది? యూరియా నుంచి వస్తుంది. మరుగుదొడ్డి గుంతల నుంచి, అయ్యవారు చూపించిన దిబ్బల నుంచి వస్తుంది. ఫ్లోరైడ్ రాతిలోంచి వస్తుంది, దాన్ని మనం అక్కడ పెట్టలేదు. నైట్రేట్‌లో ఎక్కువ భాగం మన చేతిమీదుగా వచ్చిందే, కనుక మన చేతిమీదుగానే తగ్గుతుంది. కాచితే పోతుందని చాలామంది నమ్ముతారు. కాచితే నీరు ఆవిరై నైట్రేట్ చిక్కబడుతుంది. అయ్యవారు నీళ్లను ఇగరబెట్టించింది అందుకే. పటికతో సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్గొండ పద్ధతికి నైట్రేట్ లొంగదు. ఇంట్లో కొవ్వొత్తి ఫిల్టరుకూ లొంగదు. ఆర్‌ఓ యంత్రం తీస్తుంది, దాని పొరను వేళకు మారుస్తుంటే. అయినా ఆ ఆర్‌ఓ క్యాను నీళ్లు ఇంటి దగ్గరే ఉంటాయి. చేలో దప్పికైనవాళ్లు బోరు గొట్టం కిందే దోసిలి పడతారు.

నీళ్లను కొలిచాం, సరే. దానివల్ల ఒంట్లో ఎంత విషం తయారైందో తెలుస్తుందా? తెలియదు. ఒకే బోరు నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకరి నోట్లో సూక్ష్మజీవులు ఎక్కువ, ఒకరి కడుపులో ఆమ్లం తక్కువ, ఒకరు భోజనంలో నిమ్మకాయ పిండుకున్నారు, ఇంకొకరు దవడలో పొగాకు పెట్టుకున్నారు. ఒంటిలోపల జరిగేదాన్ని ఒంటినే అడగాలి. అడిగే దారి 1981లో దొరికింది.

ఫ్రాన్సులోని లియాన్‌లో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థలో హిరోషి ఒషిమా, హెల్ముట్ బార్ట్ష్ ఈ దారి కనిపెట్టారు. మనిషికి హాని చేసే అమీన్‌ను ఇచ్చి పరీక్షించలేం కదా. అందుకని ప్రోలీన్‌ను ఎంచుకున్నారు. అది మన తిండిలో రోజూ ఉండే అమైనో ఆమ్లమే. దానికి ఆ జంట అతుక్కుంటే నైట్రోసోప్రోలీన్ అవుతుంది. నైట్రోసోప్రోలీన్ క్యాన్సర్ తెచ్చేది కాదు. ఒంట్లో ఇంకేదిగానో మారకుండా దాదాపు ఉన్నదున్నట్టు మూత్రంలో బయటికి వచ్చేస్తుంది. వాలంటీరుకు ముందు నైట్రేట్ కోసం బీట్‌రూట్ రసం ఇచ్చారు. ఆ తర్వాత ప్రోలీన్ ఇచ్చారు. ఒక పగలు ఒక రాత్రి మూత్రం పట్టి కొలిచారు. నైట్రోసోప్రోలీన్ కనపడింది. మనిషి ఒంట్లో నైట్రోసో సమ్మేళనం తయారవుతుందని చూపి, ఎంత తయారవుతుందో అంకెగా చెప్పిన పరీక్ష అది. అదే మనిషికి విటమిన్ సి కూడా ఇస్తే అంకె కిందికి పడింది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో వాడిన ఈ పరీక్షలో ఇచ్చే నైట్రేట్ ఎంతో తెలుసా? సుమారు 300 మిల్లీగ్రాములు. ఒక ఎండాకాలం పగటిపూట మన కూలి మనిషి బోరు దగ్గర తాగగల నైట్రేట్, లియాన్‌లో కావాలని ఇచ్చిన మోతాదుతో సమానం. అక్కడ ఒక్కరోజు. ఇక్కడ ఎండాకాలమంతా.

ఈ పరీక్షను చైనాలో లిన్షియన్ కౌంటీకి పట్టుకెళ్లారు. అన్నవాహిక క్యాన్సర్‌కు ఆ ప్రాంతం పేరుమోసింది. 1986లో వచ్చిన ఫలితాల్లో అక్కడి రైతుల మూత్రంలో నైట్రోసోప్రోలీన్, ఆ క్యాన్సర్ తక్కువగా ఉన్న ఫాన్షియన్ రైతుల కన్నా ఎక్కువగా తేలింది. పూటకు 100 మిల్లీగ్రాముల చొప్పున మూడుపూటలా విటమిన్ సి ఇస్తే అది ఫాన్షియన్ స్థాయికి దిగింది. నూరు మిల్లీగ్రాములు ఎక్కడో దొరికే మందు కాదు. ఉసిరికాయలో ఉంది, జామకాయలో ఉంది. కాకపోతే ఒక్క షరతు. విటమిన్ సి, నైట్రైట్ కడుపులో ఒకే వేళకు కలవాలి. పొద్దున మాత్ర వేసుకుని మధ్యాహ్నం భోజనానికి రక్ష అనుకుంటే కుదరదు. సంగటి ముద్ద పక్కన పచ్చి జామ ముక్కో, కూరలో దించాక పిండిన నిమ్మకాయో ఉండాలి.

ఇక్కడ ఆకుకూరల గురించి ఒక మాట చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. పాలకూరలో, బీట్‌రూట్‌లో నైట్రేట్ బాగా ఉంటుంది. అందువల్ల అవి మానేయమని నేను చెప్పడం లేదు. అవి తమ నైట్రేట్‌తోపాటు విటమిన్ సినీ, మరికొన్ని రక్షక పదార్థాలనూ మోసుకొస్తాయి. నోట్లో పుట్టే నైట్రైట్‌లో కొంత నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను సడలిస్తుంది, రక్తపోటును కాస్త దించుతుంది. కూరాకు నైట్రేట్ తోడుతో వస్తుంది. బోరు నీటి నైట్రేట్ ఒంటరిగా వస్తుంది. 2010లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తీర్పు కూడా జాగ్రత్తగా ఉంది: ఒంట్లో నైట్రోసో సమ్మేళనాలు తయారయ్యే పరిస్థితుల్లో మింగిన నైట్రేట్, నైట్రైట్ బహుశా మనిషికి క్యాన్సర్ కారకం అని. ఆ ‘పరిస్థితుల్లో’ అనే మాటే నా ఉపన్యాసానికి ప్రాణం. పరిస్థితులు మన నోట్లో, మన కడుపులో, మన అలవాట్లలో ఉన్నాయి.

అలవాట్లు అన్నాను గనుక వక్కాకు దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.

వక్కల పంటకు మన తుమకూరు జిల్లా పేరుపడింది. మన తాలూకాలో తోటలు తక్కువైనా నమిలే నోళ్లకు తక్కువలేదు. వక్కలో అరెకోలిన్ అనే అమీన్ ఉంది. బొంబాయి క్యాన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎస్.వి. భిడే, జగదీశన్ నాయర్ తదితరులు లియాన్ వాళ్లతో కలిసి తాంబూలం నమిలేవాళ్ల ఉమ్మిని పరీక్షించి 1985లో ఫలితం ప్రచురించారు. వక్క నుంచి పుట్టిన నైట్రోసమీన్ ఆ ఉమ్మిలో దొరికింది. పొగాకు కలిపి నమిలినవాళ్ల ఉమ్మిలో పొగాకు నైట్రోసమీన్లు కూడా ఉన్నాయి. అవి ఆకులోనే తయారై వచ్చాయా, నోట్లో తయారయ్యాయా అన్న అనుమానం మిగిలింది. దాన్ని తీర్చడానికి కిళ్లీలో ప్రోలీన్ కలిపి నమిలించారు. ఉమ్మిలో నైట్రోసోప్రోలీన్ వచ్చింది. అంటే కడుపుదాకా పోనక్కర్లేదు, దవడలోనే వంట జరుగుతోంది. తర్వాతి పరీక్షల్లో ఇంకో సంగతి బయటపడింది. పళ్లు శుభ్రంగా లేని నోట్లో ఇది బాగా ఎక్కువ.

తమలపాకు గురించి వాళ్లు కనిపెట్టింది నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. ఆకులో హైడ్రాక్సీచావికాల్ అనే పదార్థం ఉంది. అది నైట్రైట్‌ను పట్టేసి, ఆ జంట అమీన్‌కు అతుక్కోకుండా అడ్డుపడుతుందని భిడే బృందమే 1989లో చూపింది. మన అవ్వల తాంబూలంలో వక్క చేసే చెరుపుకు ఎదురుగా ఆకు ఉండేది. దానివల్ల తాంబూలం నిరపాయం అయిపోలేదు. పొగాకు లేని తాంబూలాన్ని కూడా క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే చేర్చారు. అయినా ఆ కాస్త అడ్డూ ఉండేది. ఇవాళ అంగడి ముందు దండలుగా వేలాడే పొట్లాల్లో ఆకు లేదు. వక్క ఉంది, సున్నం ఉంది, పక్క పొట్లంలో పొగాకు ఉంది. 2013లో కర్ణాటక గుట్కాను నిషేధించింది. అప్పటినుంచి రెండు పొట్లాలు విడివిడిగా కొని అరచేతిలో కలుపుకుంటున్నారు. విడగొట్టింది కాగితమే. నోటికి తేడా లేదు.

పొగాకు నైట్రోసమీన్లు ఎంత ఉంటాయో కూడా వినండి. 2005లో ప్రచురించిన ఒక పరిశీలనలో మన దేశపు అంగళ్లలో అమ్మే నమిలే పొగాకు సరుకులను కొలిచారు. ఎన్‌ఎన్‌ఎన్ అనే నైట్రోసమీన్ కొన్నిటిలో గ్రాముకు 76.9 మైక్రోగ్రాముల దాకా ఉంది. నానోగ్రాముల్లో చెబితే 76,900. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లో వంతు.

ఈ అంకె పక్కన ఇంకో అంకె పెడతాను. 2018లో వల్సార్టన్ అనే రక్తపోటు మందులో నైట్రోసమీన్ కల్తీ బయటపడింది. లోకమంతా కదిలింది. మందుల్లో డైమిథైల్ నైట్రోసమీన్ రోజుకు 96 నానోగ్రాములు దాటరాదని హద్దు గీశారు. మందుల తయారీకి పేరుమోసిన హైదరాబాద్ చుట్టుపక్కల కంపెనీలు దీన్ని కొలిచే యంత్రాలు కొన్నాయి. మంచిపనే. అటువంటి యంత్రాల ముందే నేను ఏళ్లపాటు కూర్చున్నాను. ఈ రెండూ ఒకే పదార్థం కాదు, వాటి శక్తీ ఒకటి కాదు, కనుక ఒకదాన్ని ఇంకోదానితో భాగించి చూపడం తప్పు. కానీ ఒకచోట తొంభై ఆరు దగ్గర గంట మోగుతోంది. ఇంకోచోట పదుల వేలు దవడలో పెట్టుకుంటుంటే ఏ గంటా మోగడం లేదు. ఎగుమతి అయ్యే మాత్రకు ఉన్న కొలత ఈ తాలూకా మనిషి నోటికి లేదు. నా బాధ ఇదే. ఇవాళ ఇక్కడిదాకా వచ్చి మాట్లాడుతున్నదీ ఇందుకే.

కొలవమంటే ఎలాగోలా కొలవమని కాదు. తప్పు కొలత ఎంత పని చేస్తుందో రానిటిడిన్ కథ చెబుతుంది. కడుపు మంటకు మనమంతా మింగిన మాత్ర అది. దాన్ని మింగిన పదిమంది మూత్రంలో డైమిథైల్ నైట్రోసమీన్ నాలుగు వందల రెట్లు పెరిగిందని 2016లో ఒక పత్రం వచ్చింది. అందరూ ఉలిక్కిపడ్డారు. చివరికి తేలిందేమిటంటే, కొలిచే యంత్రపు వేడికి మూత్రంలోని రానిటిడినే విరిగి నైట్రోసమీన్ అవుతోంది. 2021లో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే ఏడు అమెరికా మందుల నియంత్రణ సంస్థ పద్దెనిమిది మందితో జాగ్రత్తగా పరీక్షిస్తే మాత్ర మింగినందువల్ల మూత్రంలో పెరుగుదల ఏమీ కనిపించలేదు. మాత్రలు నిల్వలో ఉండగా, ముఖ్యంగా వేడికి, వాటిలో నైట్రోసమీన్ పెరగడం మాత్రం నిజం. 2020లో అమెరికా వాటిని అంగళ్లనుంచి తీయించింది దానికే. కాబట్టి మూత్రం సీసాలో, ఉమ్మి సీసాలో కూడా ఈ చర్య జరుగుతుందని గుర్తుంచుకోవాలి. ఉమ్మి పట్టిన మరుక్షణమే నైట్రైట్‌ను చంపే అమ్మోనియం సల్ఫమేట్ లాంటిది వేయకపోతే, మనం కొలిచేది మనిషిని కాదు, సీసాను.

తెలుగు నేలమీద ఒంటినే అడిగి తెలుసుకున్న పని ఒకటి జరిగింది. ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు, ఆడవాళ్లు చుట్ట నిప్పును నోటి లోపల పెట్టి అడ్డపొగ తాగుతారు. అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. అక్కడి 10,169 మంది గ్రామస్తుల నోళ్లు చూసిన పరిశీలన 1971లో వెలువడింది. ఆ తర్వాత హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో కమలా కృష్ణస్వామి బృందం అడ్డపొగ తాగేవాళ్లకు ఏడాదిపాటు విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఇచ్చింది. నోట్లో మచ్చలు తగ్గాయా అని చూసి ఊరుకోలేదు. నోటి కణాల్లో డీఎన్‌ఏకు అంటుకున్న రసాయన గుర్తులను కూడా కొలిచింది. రెండూ తగ్గాయని 1995లో ప్రచురించింది. మచ్చ కనబడేలోగా, గడ్డ లేచేలోగా, కణంలోనే మార్పును పట్టుకోవచ్చని మనవాళ్లే, మన పల్లెల్లోనే చూపించారు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? తిరుమణి దగ్గర 2,050 మెగావాట్ల సౌర పార్కు పెట్టుకుని ఎండను మీటర్లతో కొలుస్తున్న తాలూకా ఇది. నీళ్లను కొలిచే పెట్టె కూడా ఊళ్లోకి వచ్చింది. జల జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు పరీక్ష పెట్టె వాడడం నేర్పించాలని ఉంది. ఆ పెట్టెలో నైట్రేట్ పరీక్ష కూడా ఉంది. అమ్మలారా, ఆ ఐదుగురిలో మీరుంటే ఫ్లోరైడ్ దగ్గర ఆగవద్దు. ఏటా వానలకు ముందొకసారి, వానలు వెళ్లాక ఒకసారి, తాగే ప్రతి బోరు నైట్రేట్ అంకెనూ పంచాయతీ గోడమీద పెయింటుతో రాయించండి. దిబ్బను, మరుగుదొడ్డి గుంతను బోరుకు దూరంగా జరపండి. పొలానికి వెళ్లేవాళ్లు ఇంటినుంచే క్యాను మోసుకెళ్లండి. పళ్లు, నాలుక శుభ్రం చేసుకోవడం అందం కోసం కాదు. నైట్రైట్ పుట్టేది అక్కడే.

పొగాకు వదలండి, వక్క వదలండి అని చెప్పడం సులువు. నలభై ఏళ్ల అలవాటు ఒక ఉపన్యాసానికి పోదని నాకు తెలుసు. పొగాకు వాడేవాళ్ల మూత్రంలో ఎన్‌ఎన్‌ఏఎల్ అనే గుర్తును కొలవచ్చు. మానేశాక అది వారాల తరబడి మెల్లగా తగ్గుతుంది. మానినవాళ్లకు ఆ తగ్గే అంకెను నెలనెలా చేతికిస్తే, మాటకన్నా అది బలంగా పనిచేస్తుందని నా నమ్మకం. ఊహ కన్నా ఎక్కువే అయినా దాన్ని నమ్మకం అనే అంటున్నాను, ఇక్కడ ఇంకా చేసి చూడలేదు గనుక.

పరిశోధన సంస్థలను నేను అడిగేది ఒకటే. నాలుగు ఊళ్లు, నాలుగు తీరుల బోర్లు, ఊరికి యాభై మంది. ప్రోలీన్ ఇచ్చి ఒక్కరోజు మూత్రం పట్టండి. ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి. తర్వాత భోజనంతో ఉసిరి ఇచ్చి మళ్లీ పట్టండి. నలభై ఏళ్ల కిందట లియాన్‌లో చేసింది, లిన్షియన్‌లో చేసింది పావగడలో చేయడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ఈ స్మారక నిధి నుంచి వచ్చే వడ్డీతో మొదటి ఊరి నీటి పరీక్షలు, సీసాలు, రవాణా భరిస్తామని నిర్వాహకులు నాకు మాటిచ్చారు. ఏ ఊరివాళ్లు ముందుకొస్తారో ఈ సభ అయ్యాక వచ్చి చెప్పండి. పేర్లు రాసుకోవడానికి పుస్తకం వేదిక పక్కన బల్లమీద ఉంది.